కుర్చీది కాని నొప్పి

1998 నవంబరు 22న సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటి నుంచి మాదాపూర్, రాయదుర్గం, గచ్చిబౌలి, నానక్‌రాంగూడల మీదుగా విస్తరిస్తూ వచ్చిన హైదరాబాద్ ఐటీ కారిడార్‌లో ఒంటినొప్పులన్నిటికీ దాదాపు ఒకే తరహా కారణం చెప్పుకోవడం అలవాటైపోయింది. నడుము పట్టేస్తే కుర్చీ, మెడ లాగితే ల్యాప్‌టాప్, మణికట్టు సలిపితే మౌస్, మడమ నొస్తే చెప్పులు. ఎక్కువమంది విషయంలో ఈ వివరణ నిజమే. ప్రమాదమూ అందులోనే ఉంది. అదే అంతస్తులో, అదే వయసులో, అదే రకం కుర్చీలో పనిచేస్తున్న కొందరి నొప్పికి ఆ కుర్చీతో ఏ సంబంధమూ ఉండదు. వారి కీళ్ళలోనూ వెన్నులోనూ నొప్పి పుట్టిస్తున్నవి వారిని కాపాడవలసిన తెల్ల రక్తకణాలే. అరుగుదల వల్లనో ఒత్తిడి వల్లనో వచ్చిన నొప్పి పనితో పెరిగి విశ్రాంతితో తగ్గుతుంది. రోగనిరోధక కణాలు రగిలించిన నొప్పి తరచు విశ్రాంతితో పెరిగి కదలికతో తగ్గుతుంది. ఇంత తేలికగా చెప్పగలిగిన ఈ తేడా తెలియక, నడివయసైనా రానివారు ఏళ్ళ తరబడి కుర్చీలు, పరుపులు మారుస్తూ, నొప్పి మాత్రలు మింగుతూ విలువైన కాలాన్ని పోగొట్టుకుంటున్నారు.

ఈ నొప్పి వెనక ఉన్న కణాలు ఎక్కువగా రోగనిరోధక వ్యవస్థలోని మొదటి అంచెకు చెందినవి. పుట్టుకతోనే సిద్ధంగా ఉండి, ఎదురైనది ఏ క్రిమి అని ఆరా తీస్తూ రోజుల తరబడి ఆగకుండా నిమిషాల్లో, గంటల్లో స్పందించే ఈ అంచెను సహజ రోగనిరోధకత అంటారు. ఒక్కొక్క క్రిమినీ విడిగా గుర్తుపట్టి, దానికి సరిపడే యాంటీబాడీలను తయారుచేసి, ఏళ్ళ తరబడి జ్ఞాపకం ఉంచుకునేది రెండో అంచె. దాన్ని ఆర్జిత రోగనిరోధకత అంటారు. టీకాల మూలంగా రెండో అంచె గురించి జనానికి ఎంతో కొంత తెలిసింది గానీ మొదటి అంచె మరుగునే ఉండిపోయింది. 1882లో ఇటలీలోని మెస్సీనాలో ఇల్యా మెచ్నికోవ్ అనే రష్యన్ శాస్త్రజ్ఞుడు అద్దంలా పారదర్శకంగా ఉండే నక్షత్రచేప డింభకంలో గులాబీ ముల్లు గుచ్చి, మర్నాటికి సంచార కణాలు ఆ ముల్లు చుట్టూ మూగి ఉండడం చూశాడు. పరాయి పదార్థాన్ని మింగివేసే భక్షక కణాల సిద్ధాంతం అక్కడే మొదలై, 1908లో పాల్ ఎర్లిక్‌తో కలిపి ఆయనకు నోబెల్ బహుమతి తెచ్చిపెట్టింది. ఆ ప్రయోగంలో కీళ్ళవ్యాధులకు సంబంధించినంత వరకు గుర్తుంచుకోవలసిన సంగతి మరొకటి ఉంది: ముల్లు క్రిమి కాదు. అయినా కణాలు వచ్చాయి. అంటే మొదటి అంచె స్పందించడానికి క్రిమే ఉండనక్కరలేదు, ప్రమాదం జరిగిందన్న సంకేతం చాలు.

ఈ అంచెలో సంఖ్యలో అగ్రస్థానం న్యూట్రోఫిల్‌లది. రక్తంలోని తెల్లకణాల్లో సగానికి పైగా ఇవే. ఎముక మజ్జ రోజుకు సుమారు 10 వేల కోట్ల న్యూట్రోఫిల్‌లను తయారుచేసి వదులుతుంది, అవి కొద్దికాలమే బతికి పోతుంటాయి. వాటికన్నా నిదానమైనవి, దీర్ఘాయువు గలవి మ్యాక్రోఫేజ్‌లు, అంటే స్థూలభక్షక కణాలు. ఇవి ప్రతి అవయవంలోనూ స్థిరనివాసం ఏర్పరచుకుని చెత్త ఎత్తడం, గాయం మాన్పడం, ప్రమాదం వస్తే కేక వేయడం అనే మూడు పనులూ చేస్తాయి. ఆ కేకలే సైటోకైన్లు, అంటే కణాలు ఒకదానికొకటి పంపుకునే సందేశ ప్రొటీన్లు. ఇక 1973లో రాల్ఫ్ స్టైన్‌మన్ గుర్తించిన డెండ్రిటిక్ కణాలు మొదటి అంచె చూసినదాన్ని మోసుకువెళ్ళి రెండో అంచెకు చూపించే మధ్యవర్తులు.

సహజ రోగనిరోధకత ఒక్కటే ప్రధానంగా నడిపించే కీళ్ళవ్యాధి ఏదని అడిగితే గౌట్ అని చెప్పాలి; జనం దాన్ని యూరిక్ యాసిడ్ నొప్పి అంటారు. ఐటీ కారిడార్‌కు దీనితో ఉన్న సంబంధం ఊహించి చెప్పేది కాదు. ఆ కారిడార్‌లోనే ఉన్న హైదరాబాద్ విశ్వవిద్యాలయం, ఏఐజీ హాస్పిటల్స్ పరిశోధకులు కలిసి 345 మంది ఐటీ ఉద్యోగులను పరీక్షించి 2025లో సైంటిఫిక్ రిపోర్ట్స్ పత్రికలో ప్రచురించిన అధ్యయనంలో 84 శాతం మందికి కాలేయంలో కొవ్వు పేరుకుందని, 71 శాతం మందికి స్థూలకాయం ఉందని తేలింది. ఆ అధ్యయనం కాలేయం గురించే గానీ కీళ్ళ గురించి కాదు. అయితే కాలేయంలో కొవ్వు, నడుము చుట్టూ కొవ్వు, రక్తంలో ఎక్కువైన యూరిక్ ఆమ్లం ఒక కుటుంబంలోని తోబుట్టువుల వంటివి. ఇన్సులిన్ పెరిగినకొద్దీ మూత్రపిండాలు యూరిక్ ఆమ్లాన్ని బయటికి పంపకుండా పట్టి ఉంచుతాయి. పైగా పెరిగిన కొవ్వు కణజాలంలోకి మ్యాక్రోఫేజ్‌లు చేరి సైటోకైన్లను కొద్దికొద్దిగా ఎల్లవేళలా విడుస్తూనే ఉంటాయి.

యూరిక్ ఆమ్లం ప్యూరిన్లనే పదార్థాలు విరిగి విరిగి చివరికి మిగిలే వ్యర్థం. చాలా జంతువులలో దాన్ని ఇంకా విరగ్గొట్టే యూరికేజ్ అనే ఎంజైము ఉంటుంది. మానవుల పూర్వీకులు పరిణామక్రమంలో దాన్ని పోగొట్టుకున్నారు. రక్తంలో అది డెసిలీటరుకు సుమారు 6.8 మిల్లీగ్రాములు దాటితే కరిగి ఉండలేక సోడియంతో కలిసి సూదుల్లాంటి స్ఫటికాలుగా పేరుకోగలదు. చల్లదనంలో కరిగే గుణం ఇంకా తగ్గుతుంది కనుక, ఒంట్లో బాగా చల్లగా ఉండే భాగాల్లో ఒకటైన కాలి బొటనవేలి మొదలు వాటికి అనువైన చోటు. మాంసాహారం, రంజాన్ నెలలో హలీం, పాయా, వారాంతపు బీరు, చక్కెర దట్టించిన శీతల పానీయాలు యూరిక్ ఆమ్లాన్ని పెంచే మాట వాస్తవమే. కానీ దోషమంతా తిండి మీదకే నెట్టడం అన్యాయం. వంశపారంపర్యంగా వచ్చిన మూత్రపిండాల తీరు అంతకన్నా బలమైన కారణం.

అర్ధరాత్రి దాటాక ఆ బొటనవేలి కీలులో జరిగేది దగ్గరగా చూడదగినది. కీలు లోపలి పొరలో కాపురమున్న ఒక మ్యాక్రోఫేజ్ తనకు తగిలిన స్ఫటికాన్ని చెత్తగా భావించి మింగుతుంది. క్రిమి అయితే జీర్ణమయ్యేది, ఇది సూది. మింగిన సంచిని లోపలి నుంచి చీలుస్తుంది. ఆ చీలికతో కణంలో ఎన్ఎల్ఆర్‌పీ-3 అనే ప్రొటీను తోటి ప్రొటీన్లతో కూడి ఇన్‌ఫ్లమసోమ్ అనే యంత్రంగా అమరుతుంది. అప్పటివరకు నిద్రాణంగా ఉన్న ఇంటర్‌ల్యూకిన్-1 బీటా అనే సైటోకైన్‌ను ఆ యంత్రం కత్తిరించి చురుకైన రూపంలో బయటికి వదులుతుంది. గౌట్ స్ఫటికాలు పనిచేసే ఈ మార్గాన్ని స్విట్జర్లాండ్‌లో యూర్గ్ చాప్ బృందం 2006లో వెల్లడించింది. ఆ సందేశం అందగానే చుట్టుపక్కల రక్తనాళాల గోడలు జిగురు తేలతాయి, వాటిని అంటిపెట్టుకుని న్యూట్రోఫిల్‌లు వేల సంఖ్యలో కీలులోకి దూరి, అవీ స్ఫటికాలను మింగి, పగిలి, తమలోని ఎంజైములను చిమ్ముతాయి. తెల్లవారేసరికి వేలు ఎర్రబడి, నిగనిగలాడుతూ, దుప్పటి అంచు తగిలినా భరించలేని స్థితికి వస్తుంది.

స్ఫటికాలే దీనికి కారణమని నిరూపించినవారు తమ ఒంటినే ప్రయోగశాల చేసుకున్నారు. 1961లో గౌట్ రోగుల కీలుద్రవంలో యూరేట్ స్ఫటికాలను ధ్రువీకృత కాంతి సూక్ష్మదర్శినితో గుర్తించిన వైద్యుడు డేనియల్ మెకార్టీ, ఆ మరుసటి ఏడాది సహచరుడు జేమ్స్ ఫెయిర్స్‌తో కలిసి ఆ స్ఫటికాలను తమ మోకాళ్ళలోకే ఎక్కించుకుని, గౌట్ ఎలా ఉంటుందో స్వయంగా అనుభవించి ప్రకటించారు.

అంత ఉధృతంగా మొదలైన దాడి మందు వేయకపోయినా ఒకటి రెండు వారాల్లో చల్లబడుతుంది. దానికీ న్యూట్రోఫిల్‌లే కారణమన్నది ఈ వ్యాధిలో అన్నిటికన్నా అద్భుతమైన సంగతి. న్యూట్రోఫిల్ చనిపోయేటప్పుడు తన డీఎన్ఏను వలలా విసరగలదని 2004లో బెర్లిన్ శాస్త్రజ్ఞులు కనుగొన్నారు. కీలులో న్యూట్రోఫిల్‌లు కిక్కిరిసినప్పుడు ఆ వలలు పెనవేసుకుని ముద్దలై, స్ఫటికాలను పొదువుకుని, సైటోకైన్లను పట్టి నశింపజేస్తాయని 2014లో జర్మనీ పరిశోధకులే చూపించారు. నిప్పు పెట్టినవే నిప్పు ఆర్పుతాయన్నమాట. ఆ వారం రోజుల్లో తాగిన ఏ కషాయానికైనా పేరు వచ్చేది అందువల్లనే. నొప్పి తగ్గినా స్ఫటికాలు మిగిలే ఉంటాయి, దాడులు మళ్ళీ వస్తాయి. యూరిక్ ఆమ్లాన్ని 6 కన్నా దిగువన ఏళ్ళపాటు నిలిపితేనే ఆ స్ఫటికాలు కరుగుతాయి. హెల్త్ చెకప్ కాగితంలో అంకె ఎక్కువ కనబడినంత మాత్రాన గౌట్ ఉన్నట్టు కాదని, దాడి జరుగుతున్నప్పుడు ఆ అంకె మామూలుగా కనిపించవచ్చని కూడా ఇక్కడే చెప్పుకోవాలి.

దాడిని అణచడానికి వాడే పాత మందు కాల్చిసిన్ నేరుగా ఈ కణాల మీదే పనిచేస్తుంది: న్యూట్రోఫిల్ కదలడానికి ఆసరా అయిన లోపలి సన్నని గొట్టాలను అది పట్టేసి, దాన్ని ఉన్నచోటనే ఆపుతుంది. తెలుగునాట అడవినాభిగా తెలిసిన, జ్వాలల్లాంటి ఎర్రపూల తీగ దుంపలోనూ గింజలోనూ ఉన్నది ఈ కాల్చిసినే. మోతాదు దాటితే ప్రాణం తీసే విషం కనుక ఆ దుంపను ఇంటివైద్యంలో ముట్టకూడదు. కోవిడ్ కాలంలో, 2021లో, ఈ మందును కోవిడ్ రోగుల మీద పరీక్షించడానికి సీఎస్ఐఆర్‌తో కలిసి అనుమతి పొందిన సంస్థ హైదరాబాద్‌కు చెందిన లాక్సాయ్ లైఫ్ సైన్సెస్. కీళ్ళను కాల్చే కణాలే ఊపిరితిత్తులనూ కాల్చగలవన్న అవగాహన దాని వెనక ఉంది.

గౌట్ బాధ ఎంత తీవ్రమైనా కనబడే బాధ. కారిడార్‌లో అసలు కనబడకుండా దాగి ఉండేది వెన్నును పట్టే యాంకైలోజింగ్ స్పాండిలైటిస్. సాధారణంగా 45 ఏళ్ళలోపే, తరచు ఇరవైలలోనే, ఉద్యోగ జీవితం మొదలయ్యే వయసులోనే అది మెల్లగా ప్రవేశిస్తుంది. స్నాయువులు, అంటే కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే గట్టి పట్టీలు, ఎముకకు అతుక్కునే చోట్లే దీని స్థావరాలు. వెన్నుపూసల అంచులు, నడుము కింద త్రికాస్థి పక్క కీళ్ళు, మడమ వెనక భాగం అలాంటివి. నడిచినా వంగినా లాగుడు పడే ఆ చోట్ల గామా-డెల్టా కణాలు, సహజ లింఫాయిడ్ కణాలు అనే కాపలాదారులుంటాయి. రూపంలో రెండో అంచెకు దగ్గరైనా తీరులో మొదటి అంచెవి. ఇవి ఇంటర్‌ల్యూకిన్-17 అనే సైటోకైన్‌ను విడిచి న్యూట్రోఫిల్‌లను పిలుస్తాయి. హెచ్ఎల్ఏ-బి27 అనే జన్యురూపం ఉన్నవారికి ముప్పు ఎక్కువ, అయితే ఆ జన్యువు ఉన్నవారిలో అధికులకు ఈ వ్యాధి రానే రాదు. నిర్లక్ష్యం చేస్తే వాపు చల్లారిన చోట కొత్త ఎముక పెరిగి, వెన్నుపూసలు ఒకదానికొకటి అతుక్కుని, వెన్ను వెదురుగడలా బిగుసుకుపోతుంది. ప్రపంచవ్యాప్తంగా ఈ వ్యాధి బయటపడడానికి సగటున ఆరేడేళ్ళు పడుతోంది. ఆ ఆరేడేళ్ళలో ఎన్ని కుర్చీలు మారి ఉంటాయో!

రోగికి కలిగే బాధ ఈ కణాల తీరును ఉన్నదున్నట్టు చూపిస్తుంది. కదలకుండా పడుకున్నప్పుడు వాపు ద్రవం కణజాలంలో నిలిచిపోతుంది. దానికి తోడు, కీళ్ళవాతం రోగుల్లో కొలిచి చూసినప్పుడు వాపును పెంచే ఇంటర్‌ల్యూకిన్-6 రాత్రి చివరి జాముల్లో పైకి లేస్తుందని, వాపును అణచే కార్టిసాల్ హార్మోను ఆ తరవాతే అందుకుంటుందని తేలింది. అందుకే రాత్రి రెండో సగంలో మెలకువ రావడం, లేచాక అరగంటకు మించి ఒళ్ళు బిగుసుకుని ఉండడం, నాలుగడుగులు వేస్తే సుఖంగా అనిపించడం ఈ జాతి నొప్పులకు గుర్తులు. వైద్యులు అడిగే మొదటి ప్రశ్న కూడా ఉదయం బిగుతు ఉంటుందా అన్నదే. అమెరికా వేళలకు పనిచేసి తెల్లవారుజామున క్యాబ్ దిగి పడుకుని మధ్యాహ్నం లేచే ఉద్యోగి ఆ ప్రశ్నకు లేదని నిజాయితీగానే జవాబు చెప్పే అవకాశం ఉంది. ఎందుకంటే వారి బిగుతు పగలు ఒంటిగంటకో రెండింటికో వస్తుంది. ఇక్కడ ఉదయమంటే గడియారంలోని ఉదయం కాదు, నిద్ర లేచిన వేళ. ఈ నగరంలో పనిచేసే వైద్యులూ, రోగులూ ఆ ప్రశ్నను ఈ విధంగా సవరించుకోవడం అత్యవసరం. ఆ బిగుతుతోపాటు చర్మంపై సోరియాసిస్ పొలుసులు, తరచు కన్ను ఎర్రబడి నొప్పి పెట్టడం, మడమ పోటు ఉంటే ఎముకల వైద్యులతో సరిపెట్టుకోకుండా రుమటాలజిస్టును, అంటే కీళ్ళవాపు వ్యాధుల నిపుణులను కలవాలి. పంజాగుట్టలోని నిమ్స్‌లో దీనికి ప్రత్యేక విభాగమే ఉంది.

మూడోది, జనానికి పేరైనా తెలిసినది, కీళ్ళవాతం, అంటే రుమటాయిడ్ ఆర్థరైటిస్. పురుషులకన్నా స్త్రీలలో రెండు మూడు రెట్లు ఎక్కువగా, చేతివేళ్ళ కణుపుల్లో రెండువైపులా మొదలయ్యే ఈ వ్యాధిలో రెండో అంచె పాత్ర గణనీయం. రక్తపరీక్షలో వెతికే యాంటీ-సీసీపీ యాంటీబాడీలు నొప్పి మొదలవడానికి ఏళ్ళ ముందే కనిపించవచ్చు. అయితే ఆ యాంటీబాడీలకు గురి అయ్యే రూపుమారిన ప్రొటీన్లు న్యూట్రోఫిల్ విసిరే వలల్లోనే ఉంటాయి, మృదులాస్థిని తినివేసే ఎంజైములు ఎక్కువగా మ్యాక్రోఫేజ్‌లు పంపిన కబురుతోనే విడుదలవుతాయి, ఎముకను తొలిచే కణాలు మ్యాక్రోఫేజ్‌ల వంశానికి చెందినవే. తీర్పు రెండో అంచెది కావచ్చు గానీ దాన్ని అమలు చేసేది మొదటి అంచె.

ఈ అవగాహనే చికిత్సను మార్చింది. లండన్‌లో మార్క్ ఫెల్డ్‌మన్, పంజాబ్‌లో పుట్టిన రవీందర్ మైనీ కలిసి, రోగుల కీలుపొర కణాలను పాత్రల్లో పెంచి, టీఎన్ఎఫ్ అనే ఒక్క సైటోకైన్‌ను అడ్డుకుంటే మిగతా సైటోకైన్లు కూడా తగ్గుతాయని గమనించి, 1992లో ఆ నిరోధకాన్ని రోగులకు ఇచ్చి చూశారు. ఫలితం ఆ రంగాన్నే తిరగరాసింది. కానీ క్షయ బాక్టీరియాను ఊపిరితిత్తుల్లో చుట్టుముట్టి బంధించి ఉంచేది కూడా మ్యాక్రోఫేజ్‌లే, ఆ కోట నిలిచేది టీఎన్ఎఫ్ బలంతోనే. అందువల్ల ఈ ఇంజెక్షన్లకు ముందు క్షయ పరీక్ష చేయడం మన దేశంలో తప్పనిసరి జాగ్రత్త. దాన్ని ఖర్చు పెంచే పరీక్షగా భావించి తప్పించుకోవడం చాలా పొరపాటు. ఈ తరహా జీవ ఔషధాల తయారీలో హైదరాబాద్‌కు చెప్పుకోదగిన స్థానం ఉంది. రెండో అంచెలోని బి కణాలను తొలగించే రిటక్సిమాబ్‌కు 2007లో డాక్టర్ రెడ్డీస్ తన రూపాన్ని విడుదల చేసింది. ఇంటర్‌ల్యూకిన్-6 మార్గాన్ని మూసే టొసిలిజుమాబ్‌ను హెటిరో తయారుచేయగా, 2021 సెప్టెంబరులో కోవిడ్ రోగులకు అత్యవసర వినియోగానికి అనుమతి లభించింది.

మ్యాక్రోఫేజ్‌లన్నీ హాని చేసేవే అనుకుంటే అది అసంపూర్ణ జ్ఞానం. ఆరోగ్యంగా ఉన్న కీలులో ఒక రకం మ్యాక్రోఫేజ్‌లు ఇటుకల్లా ఒకదాన్నొకటి పట్టుకుని లోపలి పొరకు గోడ కడతాయని 2019లో తేలింది. 2020లో మరో బృందం, వ్యాధి పూర్తిగా అదుపులోకి వచ్చిన రోగుల కీళ్ళలో శాంతపరిచే రకం మ్యాక్రోఫేజ్‌లు ఎక్కువగా ఉంటాయని, అవి తక్కువగా ఉన్నవారు మందులు ఆపితే వ్యాధి తిరగబెట్టే అవకాశం ఎక్కువని చూపించింది. నొప్పి పోయింది కదా అని మాత్రలు ఆపేసేవారికి తెలియవలసిన విషయం ఇదే: నొప్పి లేకపోవడం, గోడ తిరిగి నిలబడడం రెండూ ఒకటి కావు.

ఆ మాత్రల్లో ముఖ్యమైనది, నేటికీ ప్రపంచమంతటా కీళ్ళవాతానికి మొదట రాసేది మెథోట్రెక్సేట్. దాని పుట్టుకలో ఒక తెలుగువాడి హస్తముంది. 1895లో భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1929లో కండరాల్లో ఏటీపీని కనుగొన్నట్టు ప్రకటించాడు. కణాలన్నిటికీ శక్తినిచ్చే ఈ అణువు ప్యూరిన్ జాతిది. తరవాత ఆయన లెడర్లీ ప్రయోగశాలల్లో నడిపించిన బృందం ఫోలిక్ ఆమ్లానికి విరుద్ధంగా పనిచేసే అమినోప్టెరిన్‌ను, మెథోట్రెక్సేట్‌ను తయారుచేసింది. ఈ రెండు పనుల మధ్య ఉన్న బంధం ఆయన కాలానికి ఎవరికీ తెలియదు. కణం పగిలి ఏటీపీ బయటికి ఒలికితే మ్యాక్రోఫేజ్‌కు అది ప్రమాద సంకేతం. ఆ ఏటీపీ విరిగితే వచ్చే అడినోసిన్ న్యూట్రోఫిల్‌లనూ మ్యాక్రోఫేజ్‌లనూ శాంతపరుస్తుంది. ఇంకా విరిగితే చివరికి మిగిలేది యూరిక్ ఆమ్లం, మళ్ళీ ప్రమాదం. కేక, ఊరడింపు, మళ్ళీ కేక. మూడూ ఒకే గొలుసులోని లంకెలు. తక్కువ మోతాదు మెథోట్రెక్సేట్ ఆ గొలుసు మధ్యలో, అడినోసిన్ ఎక్కువగా వెలువడేలా చేసి, కీళ్ళను చల్లబరచడంలో ప్రధానంగా తోడ్పడుతుందని ఇప్పుడు అర్థమైంది.

ఈ మాత్ర వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. పొరపాటున రోజూ వేసుకుంటే ఎముక మజ్జ దెబ్బతిని ప్రాణాపాయం కలుగుతుంది కాబట్టి, జాగ్రత్తగల వైద్యులు చీటీ మీద వారం పేరు పెద్ద అక్షరాల్లో రాసి, ఫోలిక్ ఆమ్లం వేరే రోజున సూచిస్తారు. అమినోప్టెరిన్‌ను కీళ్ళవాతంపై మొదటిసారి ప్రయోగించిన నివేదిక 1951లో వెలువడింది. మెథోట్రెక్సేట్‌ను ఆ వ్యాధికి అమెరికా ప్రభుత్వం ఆమోదించింది 1988లో. సుబ్బారావు 1948 ఆగస్టులోనే, 53 ఏళ్ళ వయసులో, న్యూయార్క్‌లో కన్నుమూశాడు.